డైనో మీద పులి, పంజాగుట్టలో పిల్లి

మా తమ్ముడు తన టర్బో పెట్రోల్ కారుకు లావుపాటి ఇన్‌టేక్ పైపు, ఫ్రీఫ్లో ఎగ్జాస్ట్ పెట్టించి, పేరున్న ట్యూనర్ దగ్గర ఈసీయూ రీమ్యాప్ చేయించాడు. చేతికి డైనో గ్రాఫ్ ఇచ్చారు. పవర్ గీత చూస్తే నిజంగానే ముచ్చటేస్తుంది. తీరా పంజాగుట్ట ట్రాఫిక్‌లో, సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే చాలు, బండి కుదుపులే కుదుపులు. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కగానే ఆర్‌పీఎం జారి ఇంజన్ ఆగిపోతోంది. వెనక ఆటోల హారన్లు సరేసరి.

అడిగితే "పవర్ వచ్చింది కదన్నా!" అంటాడు ట్యూనర్. ఫుల్ థ్రాటిల్‌లో తీసిన గ్రాఫ్ పావు థ్రాటిల్‌లో ఈడ్చే బండికి ఏం పనికొస్తుంది? గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్నచోట పైపు వెడల్పు మారితే దాని లెక్క తప్పుతుంది. ఈసీయూలో ఆ సెన్సర్ స్కేలింగ్ సరిచేయకపోతే, ఐడిల్‌లో దాదాపు 14.7కి 1గా ఉండాల్సిన గాలి, పెట్రోల్ పాళ్లు గాడి తప్పుతాయి. ఫ్యూయల్ ట్రిమ్‌తో ఈసీయూ కొంత సర్దుతుంది, కానీ దానికీ ఓ హద్దుంది.

అందుకే నేనంటాను: పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ల్యాప్‌టాప్‌లో లాగ్ తీస్తూ, ఏసీ వేసి ట్రాఫిక్‌లో తిప్పి చూపించేదాకా ట్యూనర్‌కు పూర్తి డబ్బు ఇవ్వకూడదు. గ్రాఫ్‌దేముంది, ఫ్రేము కట్టించుకోవచ్చు.