యుద్ధరంగమున లెక్కలవారు

భారతమునందలి నలోపాఖ్యానమును మీరెల్లరు చదివియే యుందురు. ఋతుపర్ణ మహారాజు రథముపై పోవుచునే తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్క చెప్పెను. బాహుకుడై యున్న నలుడా మాటను ఊరక నమ్మలేదు. రథము నిలిపి, చెట్టును పడగొట్టి, తానుగా ఎంచి, సరిపోయిన పిమ్మటనే ఆశ్చర్యపడెను. విన్నదానిని పోయి ఎంచి చూచు ఈ గుణమే రెండవ ప్రపంచయుద్ధమున ఒక క్రొత్త శాస్త్రమునకు మూలమైనది.

1940 ఆగష్టులో ఇంగ్లాండునందు పాట్రిక్ బ్లాకెట్ అను భౌతికశాస్త్రజ్ఞుడు విమానములను కూల్చు ఫిరంగిదళమునకు సలహాదారుగా చేరెను. ఆయన చేరదీసినవారిలో సైనికాధికారి యొక్కడే. తక్కినవారు శరీరశాస్త్రజ్ఞులు, గణితజ్ఞులు, ఒక సర్వేయరు మొదలగు విద్వాంసులు. ఈ కూటమికి ‘బ్లాకెట్ సర్కసు’ అని వేడుకపేరు వచ్చెను. వీరు ఫిరంగులున్న తావులకే పోయి, అచ్చటి పనిని కన్నులార చూచి, దళములవారు వ్రాసి యుంచిన లెక్కలను పరిశీలించిరి. మొదట ఒక్క విమానమును కూల్చుటకు సుమారు 20,000 గుండ్లు పట్టుచుండెను. రాడారును వాడు పద్ధతులు చక్కబడగా, మరుసటి వేసవికి 4,000 చాలెను.

ఇందొక వింత గలదు. సముద్రతీరమందలి ఫిరంగులు లోనాటి ఫిరంగులకన్న సగము గుండ్లతోనే విమానములను కూల్చుచున్నట్లు లెక్కలు చూపెను. తీరమువారి నేర్పేమని విద్వాంసులు చాల ఆలోచించిరి. తుదకు గుట్టు బయటపడెను. నేలపై కూలిన విమానమును వెదకి ఎంచవచ్చును. నీట కూలినదానిని ఎంచువారెవరు? తీరమువారు కూలెనని తలచినవానిలో సగమే నిజముగా కూలినవి! పాలమనిషి చెప్పిన కొలతకును, మన చెంబు చెప్పిన కొలతకును గల భేదము మనకు తెలియనిదా?

1941లో బ్లాకెట్ సముద్రతీర వైమానిక దళమునకు మారెను. జలాంతర్గామిపై విమానము వేయు బాంబు 100 అడుగుల లోతున ప్రేలునట్లు అమర్చబడి యుండెను. ఆయన సహచరుడు ఇ. జె. విలియమ్స్ దాడుల నివేదికలన్నియు చదివి, అంత లోతునకు మునిగిన నౌక ఎచ్చట నున్నదో ఎట్లును తెలియదనియు, నీటిపైననో, అప్పుడే మునుగుచునో యున్న నౌకయే చిక్కుననియు గ్రహించెను. లోతు క్రమముగా 25 అడుగులకు తగ్గింపబడెను. మునిగిన జలాంతర్గాముల సంఖ్య పలుమడుగులు పెరిగెను. క్రొత్త ఆయుధము లేదు, అధిక వ్యయము లేదు. ఒక అంకె మాత్రమే మారెను.

అయినను లెక్క ఎల్లపుడు చెల్లునా? 1942లో లార్డ్ చెర్వెల్ జర్మనీలోని పనివారి యిండ్లను కూల్చినచో ఆ ప్రజల ధైర్యము చెడునని ప్రధానమంత్రి చర్చిలునకు వ్రాసెను. అదే కాలమున హల్, బర్మింగుహాము పట్టణములలో బాంబులు పడిన వీథులను పరిశీలించిన జుకర్మన్, బెర్నాల్ అను విద్వాంసులకు ప్రజల ధైర్యము చెడినట్లు సాక్ష్యము కానరాలేదు. ఆ పరిశోధనకై హల్ బడిపిల్లలచే దాడి రాత్రులను గూర్చి వ్యాసములు వ్రాయించిరి. ఉపాధ్యాయుని భార్యనగు నాకు ఈ విషయము చదివినపుడు కన్నులు చెమర్చినవి. చెర్వెల్ చూపిన యిండ్ల లెక్క ఆరురెట్లు ఎక్కువయని బ్లాకెట్ చెప్పెను. ఆ మాట వినబడలేదు. ఎందరో తల్లుల యిండ్లు కూలినవి. యుద్ధానంతరము ఎంచి చూడగా ఆ లెక్క పదిరెట్లు హెచ్చని తేలెను.

విదురుడు నీతి చెప్పెను, ధృతరాష్ట్రుడు వినలేదు. అంతమాత్రమున విదురుడు చెప్పుట మానలేదు. లెక్కలవారి ధర్మమును అదియే. ఆజ్ఞ యిచ్చుట వారి పని గాదు; పోయి చూచి, ఎంచి, ఉన్నదున్నట్లు చెప్పుటయే వారి పని. బ్లాకెట్ 1948లో మన భారత ప్రభుత్వమునకు సైతము రక్షణ విజ్ఞానమును గూర్చి నివేదిక యొసగెను.

సోదరీమణులారా, మన బిడ్డలకు ఎక్కములు నేర్పునపుడు ఒక్క మాట చేర్చుదము: అంకె తప్పినచో సరిదిద్దవచ్చును, మెప్పుకొరకు అంకెను మార్చినచో, దాని వెల ఎవరి యింటనో చెల్లింపబడును.