అటకమీది బంగారు రవ్వలు



మన యిండ్లలో అటకమీద ఏముండునో మన కందఱకును దెలియును. పెండ్లిండ్లకు దింపు ఇత్తడి గుండిగలు, పాత పంచాంగములు, ఉయ్యాలబల్ల గొలుసులు, అంచు విఱిగిన జాడీలు, వానితోపాటు రెండు తరముల ధూళి. ఏటేట సంక్రాంతికి ముందు నిచ్చెన వేసికొని, ముక్కునకు కొంగు చుట్టుకొని, బూజు దులుపుదుము. నాలుగు తుమ్ములు వచ్చును, తలంటి పోసికొందుము, అంతటితో సరి. ఈ యలవాటు చొప్పుననే నేను మా చెల్లెలి కొక సలహా చెప్పితిని. అది యెంత తెలివిమాలిన సలహాయో ఈ నెల మీకు విన్నవించుకొనుచున్నాను.

మా చెల్లెలు అమెరికా దేశమున మిషిగన్ రాష్ట్రములో డెట్రాయిటు నగరమునకు సమీపమున కాపురమున్నది. మా మరిది యచ్చట ఇంజనీరు పని చేయుచున్నాడు. రెండేండ్ల క్రిందట వారొక పాత యిల్లు కొనిరి. 1951 లో కట్టినది. చూచుటకు ముచ్చటగనే యున్నది గాని చలికాలమున గదులలో వేడి నిలువదు. పొయ్యి యెంత మండినను పైగదులలో పిల్లవాడు రెండు కంబళ్లు కప్పుకొని వణకుచుండెనట. ఇల్లు బాగుచేయించునపుడు అటకమీది పాత కూరుడును దీసివేసి క్రొత్తది వేయింపవలెనని వా రనుకొనిరి.

ఈ కూరు డన నేమో చెప్పవలెను. అచ్చటి యిండ్లకు పైకప్పు వాలుగా నుండును. గదులకు వేఱుగ లోకప్పు వేయుదురు. ఆ రెంటి నడుమ నున్న చీకటిచోటే అటక. వేడిగాలి పైకి పోవును గదా. అది పోకుండ అటకనేలమీది దూలముల నడుమ జానెడు మందమున ఏదేని నింపుదురు. బొంతలో దూది కూరినట్లే. బొంత వేడిని పుట్టింపదు. గాలిని చిన్న చిన్న అరలలో కదలనీయక పట్టియుంచును. ఇదియు నంతే. కొందఱు గాజును కఱగించి నారదీసిన గాజుదూదిని పఱతురు. కొందఱు పాత వార్తాపత్రికలను పిండిగొట్టి, నిప్పంటకుండ వెలిగారపు జాతి లవణములు కలిపి, గొట్టముతో ఊది నింపుదురు. పత్రికల కిట్టి సద్గతి కూడ కలదని విని, "నీ వ్యాసముల కిదియైన దక్కునేమో" యని మావారు నన్ను హాస్యమాడిరి.

ఒకనాటి రాత్రి చెల్లెలు ఫోనులో నిట్లు చెప్పెను: "అక్కయ్యా, మా అటకమీద నున్నది దూదియు గాదు, కాగితమును గాదు. గులకరాళ్లవలె నున్నవి. బూడిదవన్నె, గోధుమవన్నె, కొన్ని దీపము వేసిన బంగారువలె మెఱయుచున్నవి. చేతిలోనికి దీసికొన్న మరమరాలంత తేలిక. పనివారిని పిలిచిన వేల డాలర్లడుగుదురని, ఈ సెలవులలో తానే పారతో సంచుల కెత్తెదనని ఆయన పట్టుబట్టియున్నారు."

నేను, "మగవాడు కష్టపడెదనన్న అడ్డమేల? ముక్కునకు గుడ్డ కట్టుకొమ్మనుము. నీవు క్రింద నుండి సంచు లందుకొనుము" అంటిని.

మా మరిది రెండు సంచులు నింపెను. ఏడేండ్ల మేనల్లుడు కాని మేనల్లుడు, మా చెల్లెలి కొడుకు, మెఱయు రవ్వలను ఏఱి చొక్కాజేబులో పోసికొని, తరువాత గాజుసీసాలోనికి మార్చి, తనకు బంగారుగని దొరకినదని ఇరుగుపొరుగు పిల్లలకు జూపుచుండెను. చెల్లెలు వాని చొక్కాను వాకిట దులిపి ఉదుకవేసెను. మూడవ సంచి సగమైనపుడు ప్రక్కయింటి వృద్ధురాలొకతె పెరటిలోని సంచులను జూచి, కఱ్ఱ పోటువేసికొనుచు వచ్చి, "అటక తలుపు ఈ క్షణమే మూయుడు, పిల్లవానిని లోనికి బంపకుడు" అని కేకవేసినదట. చెల్లెలు ఏడ్చుచు నాకు ఫోను చేసెను. "నీవే గదా అక్కయ్యా గుడ్డ కట్టుకొమ్మంటివి" అన్నమాట నా చెవిలో నేటికిని మ్రోగుచున్నది.

ఆ రాత్రి మావారును నేనును కూర్చుండి దొరకినదెల్ల చదివితిమి. ఆ రవ్వల పేరు వెర్మిక్యులైటు. మన గూడూరు ప్రాంతపు అభ్రకమునకు జ్ఞాతి యనదగిన ఖనిజము. దాని పొరలలో నీరు దాగియుండును. మిక్కిలి కాల్చినపుడు ఆ నీరు ఆవిరియై పొరలను విడదన్నును. పేలాలు వేగినట్లు రాయి అనేక రెట్లు ఉబ్బును. ఉబ్బునపుడు పురుగువలె మెలికలు తిరుగును గనుక లాటిను భాషలో పురుగునకు గల పేరునుండి దీనికి పేరు పెట్టిరి. ఇది స్వయముగా దుష్టురాలు కాదు. నేటికిని పూలకుండీల మట్టిలో గలుపుదురు. దోష మంతయు సహవాసముది.

మోంటానా రాష్ట్రమున లిబ్బీ యను చిన్న యూరున్నది. ఆ యూరి కొండలో 1920 ప్రాంతములనుండి 1990 వఱకు ఈ రాతిని త్రవ్విరి. 1919 మొదలు 1990 వఱకు అమెరికాలో అమ్ముడుపోయిన వెర్మిక్యులైటులో నూటికి డెబ్బదిపాళ్లకు పైగా ఆ గనినుండి వచ్చినదే. జోనోలైటు అను పేర సంచులలో నింపి అమ్మిరి. గృహస్థులు కొని తెచ్చి తామే అటకలమీద కుమ్మరించుకొనిరి. అయితే ఆ కొండలో వెర్మిక్యులైటుతో పెనవైచుకొని రాతినార కూడ పెరిగియున్నది. అదే ఆస్బెస్టాసు.

రాతినార మాట వినగనే నాకు దేవీమాహాత్మ్యమున అగ్నిదేవు డిచ్చిన అగ్నిశౌచవస్త్రములు జ్ఞప్తికి వచ్చినవి. నిప్పులో వేసిన కాలక, శుభ్రమై వెలువడు వస్త్రము లోకమున నుండెననుట కట్టుకథ కాదు. రాతినారతో నేసినవి పూర్వులెఱుగుదురు. కాలనిది, కుళ్లనిది, నీట నాననిది. ఊపిరితిత్తులలో జొచ్చినను దాని గుణము మాఱదు, అదియే ఆపద. కంటి కగపడని సన్నని ముళ్లు లోపల నాటుకొని, పదేండ్లకో నలువదియేండ్లకో శ్వాసకోశము గట్టిపడు వ్యాధిగను, పుట్టకురుపుగను బయటపడును. ఏడేండ్ల పిల్లవానికి నలువది కలిపి లెక్క వేసికొంటిని. తెల్లవాఱువఱకు కన్ను మూతపడలేదు.

లక్కయింటిలో ధర్మరాజు గోడల వాసన పట్టి మోసము గ్రహించెను. ఈ నారకు వాసన లేదు, రుచి లేదు, దగ్గయినను వెంటనే రాదు. ముక్కున గట్టుకొన్న గుడ్డ దానిని ఆపజాలదు.

లిబ్బీ యూరి కథలో నన్ను మిక్కిలి కలచినది గనికూలీల కథ కంటె వారి భార్యల కథ. భర్తలు ధూళి బట్టలతో ఇంటికి వచ్చెడివారు. ఇల్లాండ్రు వానిని దులిపి యుదికిరి. బిడ్డలు తండ్రుల నెదురేగి కౌగిలించుకొనిరి. గనిలో అడుగుపెట్టనివారును ఇంటిపని చేసినందుకే వ్యాధిగ్రస్తులైరి. ఆటస్థలమునకు ప్రక్కనే పోసిన కుప్పలలో పిల్లలు దొర్లి యాడుకొనిరి. 1999 లో సియాటిల్ పత్రిక యొకటి ఈ సంగతిని లోకమునకు వెల్లడించెను. పర్యావరణ రక్షణకై యేర్పడిన వారి ప్రభుత్వశాఖ వచ్చి యేండ్లకొలది ఆ యూరి నేలను త్రవ్వి శుభ్రపఱచినది. 2009 జూన్ 17 వ తేదీన ఆ శాఖ అచ్చట ప్రజారోగ్య విపత్తు కలదని ప్రకటించెను. ఆ శాఖ పుట్టిన తరువాత అట్టి ప్రకటన అదియే మొదటిది. రోగులు వందలకొలది, చనిపోయినవారును వందలే.

ఇంత వ్రాసి మిమ్ము భయపెట్టుట నా యుద్దేశము కాదు. ఒకటి రెండు దినములు ధూళి తగిలినంతమాత్రమున వ్యాధి తప్పదని కాదు. ఎంత యెక్కువ, ఎంతకాలము పీల్చిన నంత యపాయము. వైద్యులు మా చెల్లెలితో అట్లే చెప్పిరి. ఇంతవఱకు పీల్చవచ్చునని గీచిన గీత మాత్రము లేదు.

ఆ దేశపు ప్రభుత్వశాఖ చెప్పునది వింత గొలుపును: వెర్మిక్యులైటు కనబడిన, అందులో రాతినార ఉన్నదనియే తలంపుడు, కదలింపకుడు. కదలనంతకాలము అది క్రింది గదులలోనికి రాదు. అటకమీద పెట్టెలు దాచవలదు. పిల్లలను ఎక్కనీయవలదు. దీపముల చుట్టును గొట్టముల చుట్టును సందు లున్న మూయింపవలెను. తీగలు వేయు పనివానికి ముందుగనే చెప్పవలెను. తీసియే తీరవలెనన్న లైసెన్సు గల పనివారిచేతనే తీయింపవలెను. బూజుకఱ్ఱ పట్టి పెరిగిన మనకు "ఊరకుండుడు" అను గృహవైద్యము మింగుడు పడదు.

ఆస్ట్రేలియా రాజధాని క్యాన్‌బెఱ్ఱాలో ఇంతకంటె ఘోరము జరిగినది. అచ్చట 1968 మొదలు 1979 వఱకు కల్తీలేని రాతినారనే పిండిచేసి వేయి యిండ్ల అటకలలో ఊదిరి. తరువాత ప్రభుత్వమే దానిని తీయించినను గోడల సందులలో మిగిలిపోయెను. తుదకు 2014 లో ఆ యిండ్లనన్నిటిని కొని పడగొట్టుటకు నిశ్చయించిరి.

మా మరిది మొదట ఒప్పుకొనలేదు. సగము తీసినది ఎట్లు విడుతుమని వాదము. విడిచిన చలి పోదు; తీయించిన డబ్బు చాలదు. ఆలుమగలు రెండు దినములు మాటలాడుకొనలేదు. నేనే సిగ్గువిడిచి అతనితో మాటలాడి, నా సలహా తప్పని ఒప్పుకొంటిని. అతడు కొంతసేపు ఊరకుండి, "వదినగారూ, మీ మాటమీద మొదలుపెట్టితిని, మీ మాటమీదనే మానెదను" అనెను. ఆ మాటలో చుఱుకు ఉన్నను తీసికొంటిని. అది నాకు రావలసినదే.

పనివారు వచ్చిన దినమున చెల్లెలు పిల్లవానితో స్నేహితుల యింట నుండెను. తలుపు లన్నిటికి ప్లాస్టిక్ దుప్పట్లు బిగించిరి. లోని గాలిని జల్లించి బయటికి లాగు యంత్రము పెట్టిరి. అందువలన గాలి బయటినుండి లోనికి పోవునే గాని ధూళి యింటిలోనికి దిగదు. పనివారు తల మొదలు కాలివఱకు ఒకే ముసుగు తొడిగి, జల్లెడలు గల ముఖకవచములు పెట్టుకొని, లావుపాటి గొట్టముతో రవ్వలను పీల్చి, ఒక సంచిలో నొక సంచి పెట్టి ముడివేసి, పైన ఎచ్చరిక చీటి అంటించిరి. మరిది నింపిన సంచులును, ఆనాటి బట్టలును, పిల్లవాని గాజుసీసాయు వానిలోనికే పోయినవి. "నా బంగారు" అని వాడు పెద్ద పెట్టున ఏడ్చెనట. గాలిని పరీక్షించి సరియని చీటి యిచ్చిన పిమ్మటనే లోనికి రానిచ్చిరి. ఇంటిలోని ధూళిని చీపురుతో గాక తడిగుడ్డతో తుడిచిరి. పిదప సందులు మూసి గాజుదూది పఱపించిరి. తమ యటకలోనిది జోనోలైటే యని నిరూపించుకొన్నవారికి ఖర్చులో కొంతపాలు తిరిగి యిచ్చుటకు 2014 లో ఒక ధర్మనిధి యేర్పడినది. దానికి అర్జీ పెట్టుకొనిరి. కావున పని మొదలిడక ముందే ఛాయాచిత్రములు తీసి, పనివారి రసీదులు భద్రపఱచుకొనవలెను.

మీ కూతుండ్రో చెల్లెండ్రో ఆ దేశమున 1990 నకు ముందు కట్టిన యిల్లు కొన్నచో, అటకమీద ఏమున్నదని ఒక్కమాట అడుగుడు. దూదివలె గులాబివన్నెగ నున్నది గాజుదూది. చేతులు దురద పెట్టును గాని ఇంత భయము లేదు. ఎలుకలు చేరిన పాత కాగితపుదూది యైన, దాని రెట్టల ధూళియు పీల్చదగినది కాదు. మెఱయు గులకరవ్వలు మాత్రము ముట్టవలదు.

మనకు అటకలో వెర్మిక్యులైటు లేదు గాని నెత్తిమీద సిమెంటు రేకు లున్నవి. ఆ రేకులలో కలిపినది రాతినారయే. కడప మండలమున పులివెందుల ప్రాంతమునను అది దొరకుచుండెను. 1986 లో ప్రభుత్వము క్రొత్తగా గను లిచ్చుట నిలిపినది గాని, విదేశములనుండి తెప్పించి రేకులు పోయుట సాగుచునే యున్నది. మా వంటయింటి వసారామీద పగిలిన రేకును మేస్త్రి సుత్తితో బ్రద్దలుకొట్టి దింపబోవుచుండగా నే నడ్డుపడితిని. నీళ్లు చల్లి, మరలు విప్పి, రేకు విఱుగకుండ దింపుమంటిని. రంపము పెట్టవలదంటిని. "ఇరువదేండ్లుగ కొట్టుచున్నాను, నాకేమైనదమ్మా" అని అతడు దగ్గుచు నవ్వెను. ఆ దగ్గు దేనిదో నాకు దెలియదు. ఒక పూట ఎక్కువ కూలి యిచ్చి నా మాటే నెగ్గించుకొంటిని.

ఇక మిగిలినది మా యమ్మతో చెప్పుట. ఈ వేసవికి చెల్లెలు ముగ్గురితో ఇచ్చటికి రావలసియుండెను. ప్రయాణమునకు దాచిన సొమ్ము అటక క్రిందికి పోయినది. అమ్మ నాలుగు నెలలుగ మనుమనికై జంతికలపిండి మొదలు పరుపువఱకు సిద్ధముచేయుచున్నది. నేను గొంతు సవరించుకొని చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడక చేట చెఱుగుచు కూర్చుండి, "పిల్లవానికి దగ్గు లేదు గదా" అని యడిగెను. లేదంటిని. "అయిన వచ్చే యేడు రానిమ్ము. ఆ పరుపు అటకమీద పెట్టించుము" అనెను.