ఫామికాము కొనదలచిన సోదరీమణులకు

ఫామికాము అను పాత జపాను ఆటయంత్రమును సంపాదింపవలెనని యున్నది, కాని యెచ్చట మొదలిడవలెనో తోచకున్నదని కొందఱు సోదరీమణులు మమ్ము అడిగియున్నారు. వారిలో తామే ఆడుకొనదలచినవారు కొందఱు. కొడుకో మఱదియో ఈ వెఱ్ఱిలో పడి నెలజీతము హరింపజేయునేమో యను భయముతో అడిగినవారు కొందఱు. ఇరువురకును మా సమాధాన మొక్కటియే. మొదట ఒక యంత్రమును, నాలుగైదు ఆటలను కొని వానిని ఆడుకొనుడు. ఆడక గుట్టలుగా పోసి యుంచినచో అది సేకరణము కాదు, కొట్టుగది. ఈ ముక్క మనసున నుంచుకొన్నచో తక్కినదంతయు వస్తువును చూచు నేర్పు మాత్రమే. పాతబిందెను గోట మీటి, మ్రోత విని, మాటు ఎక్కడ పడినదో చెప్పగల గృహిణికి ఆ నేర్పు క్రొత్తది కాదు.

దీని పూర్తిపేరు ఫ్యామిలీ కంప్యూటరు. పలుకుటకు సుళువుగా జపానువారు దానిని కుదించి ఫామికాము అనిరి. క్యోటో నగరమున 1889లో హనాఫుదా యను పూలబొమ్మల పేకలు చేయుటకై వెలసిన నింటెండో సంస్థవారు 1983 జూలై 15వ తేదీన దీనిని 14,800 యెన్నుల వెలకు అంగడిలో పెట్టిరి. దీనిని రూపొందించిన ఇంజనీరు మసయుకి ఉఎమురాగారు. వీరు తరువాత అదే నగరమున రిత్సుమెయికాన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 2021లో కీర్తిశేషులైరి. ఒక్క జపానులోనే కోటి తొంబది మూడు లక్షలకు పైగా యంత్రములు అమ్ముడుపోయినవి. వీని తయారు 2003లో నిలిచినది. సంస్థవారు మరమ్మతు చేయుటయు 2007లో మానిరి. అనగా నేడు ఇది చెడినచో బాగుచేయవలసినది చేసినవారు కారు, మనమో మన యూరి రేడియో మేస్త్రీయో. కొనుటకు ముందే ఇది తలపున నుండవలెను.

తెలుగునాట ఈ పేరు విననివారును వస్తువును బొత్తిగా ఎఱుగనివారు కారు. 1990 తరువాతి పదేండ్లలో మన పట్టణములందు పిల్లలు టెలివిజనుకు తగిలించి ఆడిన వీడియోగేము పెట్టెలలో పెక్కు దీనికి అనుకరణములే. పసుపుపచ్చని డిబ్బీ, దానిపై లక్షలకొలది ఆటలున్నవను వ్రాత, లోపల చూడగా మరలమరల అవే పది పదునైదు ఆటలు! మన పిల్లలు ఆ డిబ్బీని క్యాసెట్టనిరి; జపానువారును దానిని ఆ మాటతోనే పిలుతురు. అమరికయు ఒకటియే. రెంటికిని అడుగున అఱువది లోహపు మొనలుండును గనుక, అటకమీద అట్టి డిబ్బీ మిగిలియున్నచో అది చాలవఱకు అసలు యంత్రమునందును ఆడును. దానిని పాఱవేయకుడు. నకలని తెలిసి యుంచుకొనుటలో తప్పులేదు. నకలును అసలని చెప్పి అమ్మువానియొద్దనే మనకు జాగ్రత్త.

ఇక యంత్రమును గూర్చి. ఇది రెండు రూపముల దొరకును. మొదటిది 1983 నాటిది. తెల్లని మేను, ముదురెఱుపు అంచులు, ఇరుప్రక్కల గూళ్ళలో రెండు చేతిమీటలు. ఆ మీటల తీగలు యంత్రములోనికే పోయి యుండును గాని ఊడదీయుటకు రావు. రెండవ మీటలో చిన్న మైకు కలదు. ‘జెల్డా’ యను ఆటలో పెద్దచెవుల భూతమొకటి ఆ మైకులో కేకవేసినంతనే చచ్చును. పిల్లలున్న యింట ఆ వేడుక చెప్పనలవికాదు. తొలితొలి యంత్రములకు చదరపు రబ్బరు బొత్తాము లుండెడివి. అవి అఱిగి లోనికి దిగి అతుకుకొనుచుండుటచే గుండ్రని ప్లాస్టికు బొత్తాములు పెట్టిరి. సేకరించువారు చదరపు వానికే ఎక్కువ వెల యిత్తురు. ఆడుకొనుటకు గుండ్రనివే మేలు.

అయితే ఈ మొదటి రూపమున ఒక చిక్కు గలదు. ఇది బొమ్మను ఏరియలు తీగగుండ, జపాను టెలివిజను ఛానళ్ళ లెక్కకు పంపును. మన టెలివిజనుల పద్ధతి వేఱగుటచే బొమ్మ రాకపోవుటయో, వచ్చినను రంగు ధ్వని లేకపోవుటయో తటస్థించును. 1993 డిసెంబరులో వచ్చిన రెండవ రూపమునకు ఈ బాధ లేదు. అది పసుపురంగు ఏవీ తీగతో బొమ్మ నిచ్చును, చేతిమీటలు ఊడివచ్చును; మైకు మాత్రము లేదు. మన దేశమున మొదటిసారి కొనువారికి మేము దీనినే చెప్పుదుము. కొత్త పలుచని టెలివిజనులకు పసుపురంగు రంధ్రము లేకున్నచో నడుమ ఒక మార్పిడి పెట్టె కావలెను. బాతులను కాల్చు తుపాకి ఆట మాత్రము పలుచని తెరపై నడవదు. పాత గాజుగొట్టపు టెలివిజనును ఇంకను అమ్మివేయనివారు అదృష్టవంతులు.

పెక్కు యంత్రములు పోవునది విద్యుత్తుచేత గనుక ఇచ్చట మేము కొంత నిలువవలసి యున్నది. జపానున ఇంటి విద్యుత్తు 100 వోల్టులు, మనకు 230. యంత్రముతో వచ్చిన అడాప్టరును మన గోడకు తిన్నగా తగిలించినచో దానిపని అంతటితో సరి. 230ని 100కు దించు ట్రాన్స్‌ఫార్మరును వేఱుగా కొనుడు. కొనునప్పుడు 110 అని కాక 100 అని వ్రాసినదానిని అడుగుడు. ఇక అడాప్టరునుండి యంత్రమునకు పోవునది 10 వోల్టుల ఏకముఖ విద్యుత్తు, 850 మిల్లీ ఆంపియర్లు. దాని మొనలో నడిమిది ఋణము, వెలుపలిది ధనము. మన అంగళ్ళలో దొరకు అడాప్టరులలో పెక్కింటికి ఇది తలక్రిందులు. మఱియొక మోసము కూడ కలదు: ఇదే సంస్థవారు అమెరికాలో అమ్మిన యంత్రపు అడాప్టరు 9 వోల్టుల ఏకాంతర విద్యుత్తు నిచ్చును. చూపునకు బంధువువలెనే యుండును గాని ఫామికామునకు తగిలించినచో దానిని చెఱచును. మా యింటి పంతులుగారు అడాప్టరు వెనుకనున్న అక్షరములను భూతద్దముతో చదివినగాని మీట నొక్కనీయరు. మొదట నవ్వుకొంటిమి గాని ఇప్పుడు ఆ భూతద్దమును యంత్రముప్రక్కనే యుంచుచున్నాము.

కొనుటకు టోకియోలోని అకిహబారా, ఒసాకాలోని నిప్పోంబాషి పేరుపడిన బజారులు. అందు వెల కొంత హెచ్చే. జపాను ఊరూర శాఖలున్న హార్డ్ ఆఫ్ వంటి పాతవస్తువుల దుకాణములలో మూలనొక బుట్టయుండును. దానిపై జంకు అని వ్రాసియుందురు. ఆ మాటకు అర్థము వస్తువు చెడినదని కాదు, పనిచేయునో లేదో తాము పూచీపడమని, తిరిగి తీసికొనరు. మరమ్మతు చేతనైనవారికి ఆ బుట్ట నిధి. మొదటిసారి కొనువారు దానికి దూరముగా నుండుట మంచిది. ‘దోసా కకునిన్ జుమి’ యని వ్రాసియున్నచో ఆడించి చూచితిమని అర్థము. మొదటి యంత్రమునకు ఆ మాట వ్రాసియుండినగాని డబ్బు తీయకుడు. సముద్రము దాటించు ఖర్చు, సుంకము కలిసి వస్తువు వెలను మించుట కలదు గనుక, ముందుగా ఆ రెండును అడిగి తెలిసికొని కాగితముపై కూడుకొనుడు. ఆ దేశమున ఉద్యోగము చేయు తెలుగుపిల్లలు నేడు లేకపోలేదు. సెలవులకు వచ్చునప్పుడు తెమ్మని చెప్పుకొన్నచో పోపులపెట్టె సొమ్ము కొంత మిగులును.

ఆటలలో ‘సూపర్ మారియో’ (1985) జపానులో 68 లక్షలకు పైగా అమ్ముడుపోయినది గనుక చవుకగనే దొరకును. ‘బెలూన్ ఫైట్’, ‘ఐస్ క్లైంబర్’, ‘ఎక్సైట్ బైక్’ ఆడుటకు జపాను అక్షరము రానక్కఱలేదు. మొదటి రెండును ఇరువురు కూడి ఆడవచ్చును. 1986లో వచ్చిన డిస్కు సిస్టమను అదనపు పరికరమును మాత్రము ఇప్పుడే కొనకుడు. దానిలోని రబ్బరుపట్టీ కాలముచే కరగి బంకయగును. బాగుచేయువారు దొరకినపిదప చూచుకొనవచ్చును.

అట్టపెట్టె, వివరణపుస్తకము సహితముగా నున్న ఆటను ‘హకో సెత్సు త్సుకి’ యందురు. వట్టి క్యాసెట్టుకంటె దానికి వెల పలురెట్లుండును. ‘మృచ్ఛకటిక’మున రోహసేనుడు పొరుగుబిడ్డ బంగారుబండిని చూచి తన మట్టిబండి వలదని యేడ్చినట్లు, పొరుగువాని అట్టపెట్టెలను చూచి అప్పుచేయువారిని మే మెఱుగుదుము. ఆట రెంటిలోను ఒకటియే.

మేము వట్టి క్యాసెట్టులనే యిష్టపడుటకు మఱియొక కారణము గలదు. నలువదేండ్లనాటి జపాను పిల్లలు స్నేహితుల యిండ్లలో మాఱిపోకుండుటకై క్యాసెట్టు వెనుక తమ పేరును కలముతో వ్రాసికొనెడివారు. వంకరటింకర హిరగానా అక్షరములలో ఆ పేళ్ళు నేటికిని చెఱగలేదు. పేరున్నదని దుకాణదారులు వెల తగ్గింతురు. కొన్నవారు కొందఱు మందుపూసి తుడిచివేయుదురు. తుడువవలదని మా ప్రార్థన. జపానులో ఒకరు పేళ్ళు వ్రాసియున్న క్యాసెట్టులనే వెదకి తెచ్చి, ఆ పేరింటివారు కనబడినచో తిరిగి యిచ్చు పనికి పూనుకొనియున్నారు.

పేరొకటే కాదు, వారి యాటయు లోపల మిగిలియుండవచ్చును. ‘డ్రాగన్ క్వెస్ట్’ రెండవ భాగమున (1987) ఆటను మఱునాటికి కొనసాగింపవలెనన్నచో తెరపై కనబడు 52 అక్షరముల వఱకుగల మంత్రమువంటి మాటను పుస్తకమున ఎక్కించుకొనవలెను. ఒక్క అక్షరము తప్పినను అంతవఱకు చేసినదంతయు పోయినట్లే. మూడవ భాగమున (1988) క్యాసెట్టులోపల చిన్న బ్యాటరీ నొకదానిని పెట్టి ఆ శ్రమను తప్పించిరి. ఆ బ్యాటరీలు కొన్ని ముప్పదియేండ్లు దాటియు ఇంకను ప్రాణముతో నున్నవి. యంత్రమున పెట్టగనే తెరపై తెలియని బిడ్డ పేరు, వాడు ఎంతవఱకు పోయెనో ఆ లెక్క కనబడును. బ్యాటరీ మార్చినగాని మన యాట నిలువదన్న నమ్మకము లేదు. ఊరక తీసి మార్చినచో ఆ బిడ్డ యాట చెఱగిపోవును. ఇచ్చట ఏది మేలు? మార్చకయే యుంచవలెనందుమా, బ్యాటరీ తానే యొకనాడు చచ్చును. అప్పుడు రెండును దక్కవు. లోపలి లెక్కను ముందుగా నకలు తీయు పరికరములు గలవు. అవి గలవారి నాశ్రయించుట ఉత్తమము. అది కుదరనిచో తెరను ఛాయాచిత్రము తీసి, ఆ పేరును క్యాసెట్టు వెలతోపాటు మీ లెక్కపుస్తకమున వ్రాసికొని, పిమ్మట మార్పించుడు. ఆ బ్యాటరీ మాటుతో అతికియుండును గనుక మేస్త్రీయే చేయవలెను. మూతను కత్తితో పెఱికినచో లోని కొక్కెములు విఱుగును.

మొనలు నల్లబడినచో చింతపండు, బూడిద తలపునకు రానీయకుడు. ఐసోప్రొపైలు ఆల్కహాలులో దూదిపుల్ల ముంచి మెల్లగా తుడిచిన చాలును. నోటితో ఊదుట మనపిల్లలును జపానుపిల్లలును సమానముగా నేర్చిన విద్య. ఊపిరి తడిచే లోహము తుప్పుపట్టును గనుక మాన్పింపుడు. పసుపెక్కిన మేనిని మందులుపూసి ఎండబెట్టి తెలుపు చేయుదుమనువారు గలరు. మా మతమున ఆ పసుపు అట్లే యుండుట మంచిది. బట్టలపెట్టెలో వలె కలరా ఉండలు వేయకుడు, కొన్ని ప్లాస్టికులకు అవి పడవు. తేమ పీల్చు గుళికల పొట్లము లుంచి, వానకాలమున పదునైదు దినముల కొకతూరి యంత్రమును తీసి ఒక గంట ఆడింపుడు. ‘బెలూన్ ఫైట్’ అందులకు చక్కగా సరిపోవును.