నిదానమున నేర్పు

మొన్న చార్మినారు వద్ద చాయ్ త్రాగుచుండగా మా విద్యార్థి యొకడు, “మాస్టారూ, పేకాట అదృష్టమా, నేర్పా?” అని అడిగెను. అది ఆటకిచ్చిన వ్యవధిని బట్టి యుండునని చెప్పితిని.

పోకర్ పోటీలో అందరికిని బిళ్లలు సమానముగా నిత్తురు. తప్పనిసరి పందెము మాత్రము గడువు గడువునకు పెరుగుచుండును. అంతర్జాలపు పోటీలు కొన్నిట ఆ గడువు కొలది నిమిషములే. త్వరలోనే బిళ్లలు చాలక, ఏ ముక్క వచ్చినను సర్వస్వము నొడ్డవలసి వచ్చును. లాస్ వేగాస్‌లో ఏటేట జరుగు ప్రపంచ ప్రధాన పోటీలో గడువు రెండు గంటలు. అందు చెడ్డ ముక్కలను వదలి, ఎదుటివాని తీరు గమనించి, అదనుకై వేచియుండవచ్చును.

1967లో సుప్రీంకోర్టు, సికింద్రాబాదునందలి యొక క్లబ్బు వ్యాజ్యమున, రమ్మీని ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటగా నెంచినది. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలెననుట అందులకు చూపిన కారణములలో నొకటి.

అయినను ధనము నొడ్డినచోట నిదానము ఓడినవానిని కాపాడజాలదు. అంతర్జాలపు పందెపుటాటలను తెలంగాణము 2017లో నిషేధించినది. 2025లో పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టమే చేసినది.

కావున ఉపాధ్యాయులారా, పందెమును విడిచి నిదానమును గ్రహింతము. బడిలో చదరంగము పరచి, పిల్లలకు గంట వ్యవధి నిండు. పరీక్షలోనైనను అంతే: తొందరపెట్టినచో అదృష్టము గెలుచును, ఆలోచింపనిచ్చినచో విద్యార్థి గెలుచును.