సూపర్ కంప్యూటర్ మీకెందుకు అనేవాళ్లకు



మన పిల్లలు యూనివర్సిటీలో పీజీకో పీహెచ్‌డీకో చేరగానే వినే మాట ఒకటుంది. "ముందు బేసిక్స్ నేర్చుకోండి, క్లస్టర్ సంగతి తర్వాత చూద్దాం." ఆ తర్వాత ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. పక్క సీటువాడు ఖాతా తీసుకుని పేపర్లు రాసేసుకుంటాడు. మనవాళ్లు హాస్టల్లో పాత ల్యాప్‌టాప్‌ని రాత్రంతా నడిపించి, తెల్లారి కరెంటు పోతే మళ్లీ మొదట్నుంచి మొదలుపెడతారు.

ఆ మెషీన్లు ఎవరి సొమ్ముతో వచ్చాయి? 2015లో కేంద్రం 4,500 కోట్లతో నేషనల్ సూపర్ కంప్యూటింగ్ మిషన్ పెట్టింది. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ దాని కింద వచ్చిందే. 838 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకి 838 లక్షల కోట్ల లెక్కలు. సంతలో సబ్బు కొన్న మన అమ్మ కట్టిన పన్ను కూడా అందులో ఉంది. మనం అడిగేది దానం కాదు.

"మంచి ల్యాప్‌టాప్, మంచి నెట్ లేకపోతే మీవల్ల కాదు" అనేది ఇంకో మాట. ఇది పచ్చి అబద్ధం. లెక్క జరిగేది అక్కడ, మన దగ్గర్నుంచి పోయేది టైపు చేసిన అక్షరాలు మాత్రమే. ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అవడానికి పాత ఫోన్లో టెర్మక్స్ ఉన్నా చాలు. చాలాచోట్ల స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ క్యూ నడుపుతుంది. ఎన్ని కోర్లు, ఎంత మెమరీ, ఎన్ని గంటలు కావాలో ఒక చిన్న బ్యాచ్ ఫైల్లో రాసి ఎస్‌బ్యాచ్ కమాండ్‌తో పంపితే, జీసీసీ డిపో ముందు సంచి లైన్లో పెట్టి వచ్చినట్టే. సిగ్నల్ కోసం కొండెక్కి జాబ్ పంపి, దిగి ఇంటికి పోయినా అది ఆగదు. మర్నాడు మళ్లీ ఎక్కి ఎస్‌క్యూ కొట్టి చూసుకోవచ్చు. చెప్పాలంటే ఏజెన్సీ వాళ్లకే ఇది ఎక్కువ పనికొస్తుంది!

రెండు జాగ్రత్తలు. లాగిన్ నోడ్ మీద పెద్ద ప్రోగ్రాం నడపొద్దు, అది అందరూ వచ్చిపోయే గుమ్మం. పెద్ద డేటాని క్యాంపస్‌లో ఉన్నప్పుడే ఎక్కించుకోండి, కొండ మీద నుంచి కాదు. మొదటి జాబ్‌కి టైం తక్కువ అడిగితే క్యూలో ఖాళీ దొరికిన సందులో త్వరగా దూరుతుంది.

కాబట్టి కష్టం కంప్యూటర్లో లేదు, ఫారంలో ఉంది. గైడ్ సంతకం కావాలంటారు, గైడ్ దొరకడు. బయటి నుంచి రావాలంటే వీపీఎన్ కావాలి, అదొకటి ఉందని చెప్పేవాళ్లే ఉండరు. ట్రైనింగ్ నోటీసు ఇంగ్లీషులో ఎక్కడో మూలన. అడిగితే "నా పాస్‌వర్డ్ వాడుకో" అంటాడు సీనియర్. వాడొద్దు. అది బయటపడితే ఖాతా మూసేస్తారు, పైగా మీ పని ఇంకొకరి పేరు మీద ఉంటుంది. మన పేరు మీద మన ఖాతా కావాలి. అడ్మిషన్ వారంలోనే ఇవ్వాలి, తెలుగులో ఒక పూట నేర్పాలి.

ఇంత పట్టు ఎందుకంటే, గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. అక్షరాలున్నాయి, ఇక మాట వినే మెషీన్లు, అనువాదం చేసే మెషీన్లు తయారవుతాయి. గోండి, కోయ, సవర భాషల్లో ఆ పని ఎవరు చేస్తారు? మనకి ఖాతా లేకపోతే ఎవరో వచ్చి మన నానమ్మల గొంతు రికార్డు చేసుకుపోయి వాళ్ల మెషీన్ మీద నేర్పిస్తారు. తప్పులు దిద్దమని మాత్రం మనల్ని పిలుస్తారు, అదీ పిలిస్తే.

ఖాతా ఉన్నవాళ్లు మీ దగ్గర బాగా నడిచిన బ్యాచ్ ఫైలు ఒకటి, మీ యూజర్ వివరాలు తీసేసి, ఈ గ్రూపులో పెట్టండి. ఏ లైను దేనికో పక్కన తెలుగులో రాయండి, వీలైతే మీ ఇంటి భాషలో. కొత్తగా చేరినవాళ్లు ఈ వారమే ఫారం అడగండి. లేదంటే, ఎవరు లేదన్నారో రాతపూర్వకంగా తీసుకోండి.