నీళ్ళ చదువు అన్నం పెడుతుందా?

రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ ముగించిన మా తమ్ముని కుమారుడు నన్నడిగిన ప్రశ్న ఇది. మందుల కంపెనీ ఉద్యోగం వాని చేతిలోనే ఉన్నది.

1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. కానీ ఆ పటిక మోతాదు ఏ నీటికి ఆ నీటిదే. అడుగున మిగిలే మడ్డి మరొక చిక్కు. గ్రానైటు పగుళ్ళలోని నీట కాల్షియం తగ్గినచోట ఫ్లోరైడు ఎందుకు పెరుగునో ఊరూరా తేల్చవలసినవాడు రసాయనజ్ఞుడే.

జేఆర్ఎఫ్ నెగ్గితే అయిదేళ్ళు అన్నానికి లోటుండదు. ఆపైన హామీ నేనివ్వలేను. అయినా ఈ చదువుకే నా ఓటు. వంగిన ఎముకలను ఏ మందూ నిటారు చేయలేదు. మంచినీరు ముందే అందితే అవి వంగవు.

వాడింకా ఆలోచిస్తున్నాడు. మీరైతే ఏమని చెబుతారు?