సత్యభామ విల్లు – అవంతిక కాటుక



మొన్న నంద్యాలలో మా మనుమరాలు 'టూంబ్ రైడర్' వీడియో గేము ఆడుతూ, "తాతా, ఈమె కూడా నీ సత్యభామ లాంటిదే" అన్నది. ముప్పై యేండ్లు తెలుగు చెప్పినవాణ్ణి. ఆ పోలికను దిద్దక ఊరకుండలేకపోయాను.

1996లో పుట్టిన ఆ లారా క్రాఫ్టుకు సాహసం కొదువ లేదు. కాని రూపకర్తల చూపు ఆమె శౌర్యం మీదకంటె అంగాంగాల మీదనే నిలిచింది. 2013 నాటి ఆటలో ఆ తప్పును కొంత దిద్దుకొన్నారు. మరి మనవారో? 2015 నాటి 'బాహుబలి'లో అవంతిక యోధురాలు. నాయకుడు ఆమె జుట్టు విప్పి, కట్టు మార్చి, రంగులద్ది 'ఆడుదాని'ని చేస్తాడు. ఆపై ఆమె పూనిన కార్యాన్నీ తానే ఎత్తుకొంటాడు. దీనిని శృంగారమందురా? నేను దోపిడి అంటాను.

"పోతన సత్యభామ అందాన్ని వర్ణింపలేదా?" అనేవారున్నారు. వర్ణించాడు. ప్రియుని వైపు శృంగారాన్నీ, పగవాని వైపు వీరాన్నీ ఒకే మూర్తిలో నిలిపాడు. ఒకదానికై మరొకదానిని బలిపెట్టలేదు. నరకుని తల తెగినది కృష్ణచక్రంతోనే. అయినా అంతకుముందు అసురసేనను చెదరగొట్టినది సత్య. కృష్ణుడు విల్లు తానే అందించి, ఆమె పోరు చూచి మెచ్చుకొన్నాడు.

ఆళ్లగడ్డ శిల్పులు మహిషాసురమర్దినికి హారాలూ చెక్కుతారు, వడ్డాణమూ చెక్కుతారు. త్రిశూలాన్ని మాత్రం వేరొకరి చేతిలో పెట్టరు. ఉలికి తెలిసిన ఔచిత్యం వెండితెరకు తెలియదా?

ఇదంతా విని మనుమరాలు, "మరి సత్యభామతో ఆట ఎప్పుడు చేస్తారు తాతా?" అన్నది.

చేయగలవారే బదులు చెప్పాలి.